కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే ముందు

ప్రియమైన కుమారుడికి,

ప్రభువు నామమున శుభములు.

ఈ దాళ్వా (రెండో పంట) నుంచి పొలం అజమాయిషీ నీదే కాబట్టి, నువ్వు అడిగినదానికి వివరంగా రాస్తున్నాను. లోకం ఎలాగూ అగ్నికి లయమవుతుందని పేతురే రాశాడు కదా, వరి కోశాక చేలో మిగిలే మొదళ్లు, అదే కొయ్యకాళ్లూ గడ్డీ తగలబెడితే తప్పేమిటన్నావు. సంఘాల్లో చాలామంది ఈ మాట అంటారు. రెండవ పేతురు 3వ అధ్యాయం మొదటినుంచి చదువు. ఆ అగ్ని సంగతికి ముందు ఆయన జలప్రళయం గుర్తుచేశాడు. ఆ నీళ్లలో అప్పటి లోకం నశించింది, నేల మిగిలింది. నోవహు దాని మీదే ద్రాక్షతోట వేశాడు. 13వ వచనంలో నీతి నివసించే కొత్త భూమి ఉంది. రోమా 8:21లో పౌలు ఇంకా తేటగా, సృష్టి నాశనానికి దాస్యం చేయడం నుంచి విడుదల పొందుతుందన్నాడు. ప్రభువు విడిపించబోయేదాన్ని పాడుచేసే హక్కు మనకెవరిచ్చారు?

ఏలమని ఆదికాండము 1:28లో ఉన్నమాట నిజమే. కానీ దేవుడు ఏ ఏలికకూ హద్దుల్లేని అధికారం ఇవ్వలేదు. ద్వితీయోపదేశకాండము 17లో ఇశ్రాయేలు రాజు గుర్రాల్నీ వెండి బంగారాల్నీ విస్తారంగా కూడబెట్టకూడదు, ధర్మశాస్త్రాన్ని రాసుకుని బతికినన్నాళ్లూ చదవాలి, సహోదరుల మీద గర్వించకూడదు. 8వ కీర్తన సమస్తాన్నీ మనిషి పాదాల కింద ఉంచావంటుంది. హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం అదే మాట ఎత్తి, అలా లోబడినట్టు ఇంకా కనబడటం లేదు, కిరీటం ధరించిన యేసు కనబడుతున్నాడంటుంది. ఆ కిరీటం ఆయనకు మరణం పొందినందుకు వచ్చింది. ఆయన కింద ఏలేవాళ్లం ఆయనలాగే ఏలాలి. పట్టా మన పేరున ఉన్నా, భూమి నాదేనని లేవీయకాండము 25:23లో దేవుడన్నాడు.

ఈ లెక్క ధర్మశాస్త్రంలో చిన్న చిన్న ఆజ్ఞల్లోనూ కనబడుతుంది. పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్లు నరకొద్దు. గూట్లో పిల్లల్ని తీసుకున్నా తల్లిని వదిలేయాలి. కళ్లం నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయొద్దు. పంట తీసుకోవచ్చు, పంటనిచ్చేదాన్ని చంపకూడదు.

కొయ్యకాళ్లు కాల్చినప్పుడు సరిగ్గా చంపుతున్నది దాన్నే. టన్ను వరిగడ్డిలో దాదాపు 5.5 కిలోల నత్రజని ఉంటుంది, అది ఇంచుమించు అంతా పొగలో పోతుంది. 25 కిలోల దాకా ఉండే పొటాష్ బూడిదలో మిగిలినా గాలికీ వానకీ కొంత కొట్టుకుపోతుంది. పైపొరలో సూక్ష్మజీవులు మాడిపోతాయి. ఆ పొగ ఊళ్లోకొచ్చి ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరి తీస్తుంది.

కంబైన్ కోత యంత్రం కోసి వెళ్లాక పశువులకు కావలసిన గడ్డి చుట్టలు కట్టించు. మిగతాది చేనంతా సమంగా పరిపించు, కుప్పలుగా ఉన్నచోట కుళ్లదు. నేల తడిశాక ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ తిప్పించు. ఎండునేలలో తిప్పిస్తే డబ్బు దండగ. తర్వాత పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరాకు 10–12 కిలోల జీలుగ విత్తనం చల్లు. మన పల్లపు చేలో నీరు నిలుస్తుంది, చౌడు కూడా ఉంది, అందుకే జనుము వద్దంటున్నాను. 45 రోజులకు, పూత మొదలవుతుండగానే, నీళ్లు పెట్టి బురదగా దున్నే దమ్ములో కలియదున్నాలి. ఆలస్యమైతే కాండం ముదిరి పీచవుతుంది, నాట్ల వేళకు కుళ్లదు. దున్నాక వారం పది రోజులు ఆగి నాటించు.

గడ్డి దున్నితే పైరు పసుపు రంగుకు తిరుగుతుందని కొందరు భయపెడతారు. అది అబద్ధం కాదు. పచ్చిగా కలిపిన గడ్డి మీద వెంటనే నాటితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు అవే తినేస్తాయి. గడ్డికి కుళ్లే వ్యవధి ఇస్తే ఆ ఇబ్బంది రాదు.

మెరక చేను కౌలుకిచ్చాం కదా, అక్కడ కాల్చొద్దని చెప్పి ఊరుకోకు. రోటవేటర్ అద్దె, సూపర్ బస్తా, జీలుగ విత్తనం ఖర్చు కౌలులో తగ్గించు. ఏటా మారే కౌలుదారు వచ్చే ఏటి నేల కోసం ఈ ఏడు డబ్బు ఎందుకు పెడతాడు? మూడేళ్లకైనా కాగితం రాసివ్వు. సహోదరుల మీద గర్వించకూడదన్నది మనకీ వర్తిస్తుంది.

సబ్సిడీ జీలుగ తొందరగా అయిపోతుంది. కోతలవగానే పేరు రాయించుకో.

ప్రేమతో,
మీ అమ్మ