మీ తాత పొలం, కుస్కో రాజుల మమ్మీలు

అరేయ్ సత్తీ,

నీ వాయిస్ మెసేజ్‌లు నాలుగూ లిమా ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని విన్నా. తాత పోయి ఆరేళ్ళయినా ఆ రెండెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి, చిన్నాన్న సంతకం పెట్టడు, అత్త ఫోన్ ఎత్తదు, "పోయినాయన పోయినట్టు ఉండక మమ్మల్ని ఆడిస్తున్నాడు రా" అన్నావ్ చూడు, ఎంత గట్టిగా నవ్వానంటే పక్క సీట్లో ఆవిడ బ్యాగ్ దగ్గరికి లాక్కుంది. నీ బాధకి కాదురా బాబూ. వారం రోజులుగా పెరూలో, ఒకప్పటి ఇంకాల రాజధాని కుస్కోలో నేను విన్నదంతా ఇదే కథ, కాకపోతే అక్కడ రెండెకరాలు కాదు, లోయలకి లోయలు. అందుకే ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్నా, పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

మాచు పిచ్చు ఫోటోలు పంపుతాలే, కానీ నాకు నచ్చింది మాత్రం కుస్కోనే. 3,400 మీటర్ల ఎత్తు, మొదటి రెండ్రోజులు తల పగిలిపోయింది, హోటల్ వాళ్ళు కోకా ఆకు టీ ఇస్తూనే ఉన్నారు. మూడో రోజు మార్కెట్ దగ్గర ఒక పెద్దావిడ చిచా అమ్ముతోంది. మొక్కజొన్న మొలకెత్తించి, ఉడకబెట్టి, పులియబెడతారు, మధ్యాహ్నం దాకా ఎండకి పులిసిన కల్లు ఉంటుంది చూడు, ఇంచుమించు ఆ పులుపే. గ్లాసు ఎత్తబోతుంటే ఆవిడ ఆపి, ముందు నాలుగు చుక్కలు నేల మీద పొయ్యమని చేత్తో చూపించింది. పాచమామాకి, అంటే భూమితల్లికి. మీ పెద్దనాన్న సాక పొయ్యకుండా కల్లు ముట్టేవాడా? నేను అలవాటైనవాడిలా పోసేసరికి ఆవిడే ఆశ్చర్యపోయింది.

ఇంకాలంటే సూర్యుణ్ణి పూజించేవాళ్ళు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం కదా. అబద్ధం కాదు, ఇంతి అంటే సూర్యుడు, రాజు ఆయన కొడుకు. ఉరుముకి ఒక దేవుడు, సముద్రానికి ఒక తల్లి, చంద్రుడేమో వాళ్ళకి మగాడు కాదు, మామా కియ్యా అనే అమ్మవారు. గ్రహణం పడితే ఆమెకి జబ్బు చేసిందని కుక్కల్ని కట్టేసి కొట్టి ఏడిపించేవాళ్ళంట, ఆమెకి కుక్కలంటే ప్రాణం కాబట్టి వాటి గోల వినైనా లేస్తుందని (మన రాహువు కథే నయం, కుక్కలైనా బతికిపోయాయి). కానీ అసలు పట్టుకోవాల్సిన మాట వాకా. రాయి, ఊట, గుహ, కొండ, పొలం గట్టు మీద బండ, ఏదైనా వాకా కావచ్చు. బెర్నబే కోబో అనే క్రైస్తవ ఫాదర్ 1653లో లెక్క రాశాడు, ఒక్క కుస్కో చుట్టుపక్కలే మూడొందలకి పైగా, అన్నీ సూర్యుడి గుడి నుంచి నలువైపులా పోయే 41 గీతల మీద. ఏ గీత మీద వాకాలకి ఎవరు పెట్టాలో కుటుంబాల వారీగా వంతులు. పెట్టడం అంటే తిండి పెట్టడమే. రాయికి ఆకలేస్తుంది, దాహం వేస్తుంది, కోపం వస్తుంది.

రాయికి ఇంత మర్యాద ఎందుకంటే, వాళ్ళ మొదటి మనుషులే రాళ్ళయిపోయారు మరి. పకారిటాంబో అనే చోట గుహలోంచి నలుగురు అన్నదమ్ములు, నలుగురు అక్కచెల్లెళ్ళు బయటికొచ్చారు. అన్నదమ్ముల్లో ఒకడి పేరు అయార్ కాచి, ఒకడి పేరు అయార్ ఊచు. కాచి అంటే ఉప్పు, ఊచు అంటే మిరపకాయ. మన వంటింట్లోంచి లేచొచ్చినట్టు లేదూ! ఉప్పన్న మహా బలవంతుడు, వడిసెల తిప్పి రాయి విసిరితే కొండలు పగిలి లోయలు పడేవి. మిగతావాళ్ళకి భయం పట్టుకుంది. గుహలో బంగారు గిన్నెలు మర్చిపోయాం, తెచ్చిపెట్టు అని వెనక్కి పంపి, వాడు లోపలికి పోగానే రాయి అడ్డం పెట్టి మూసేశారు. అన్నదమ్ముల పంచాయితీ అక్కడ్నుంచే ఉంది, నువ్వు ఊరికే దిగులు పడకు. మిరపకాయ తమ్ముడు దారిలో వానకౌరి కొండ మీద రాయైపోయి అక్కడే దేవుడయ్యాడు. చివరికి మాంకో కాపాక్ ఒక్కడే అక్కచెల్లెళ్ళతో కుస్కో చేరి, బంగారు కర్ర దిగిన చోట ఊరు కట్టాడు.

ఇప్పుడు అసలు సంగతి. రాజు చచ్చిపోతే పూడ్చరు, కాల్చరు. ఎండబెట్టి, మంచి బట్టలు కట్టి కూర్చోబెడతారు. ఆ శవాన్ని మల్కి అంటారు, అదే మాటకి మొక్క అనే అర్థం కూడా ఉందంట. కొత్త రాజుకి సింహాసనం, సైన్యం వస్తాయి గానీ పాత రాజు మేడలు, పొలాలు, పనివాళ్ళు ఒక్కటీ రావు. అవన్నీ శవానివే. మిగతా కొడుకులు, మనవలు పనాకా అనే ఒక గుంపుగా ఏర్పడి, ఆ ఆస్తి చూసుకుంటూ, తాతకి రోజూ వండిపెడుతూ బతుకుతారు. రోజూ రా! పండగొస్తే రాజులందర్నీ మోసుకొచ్చి నడి చౌక్‌లో వరసగా కూర్చోబెట్టేవాళ్ళు, వాళ్ళ ముందు మంట వేసి తిండి కాల్చేవాళ్ళు, చిచా పోసేవాళ్ళు. ఒక శవం ఇంకో శవానికి 'నీ పేరు మీద' అని తాగుతుంది, శవం బతికున్నవాడికి తాగుతుంది, వీడు తిరిగి శవానికి తాగాలి. శవం తరఫున గ్లాసు ఖాళీ చేసేది పక్కనున్న మనిషేలే.

పెద్రో పిజారో అని, ఇంకాల రాజ్యం గెలవడానికి స్పెయిన్ నుంచి వచ్చిన గుంపులో కుర్రాడు, తర్వాత తన అనుభవాలు రాశాడు. ఇంకాల సేనాని ఒకడికి ఒకామెని పెళ్ళి చేసుకోవాలని ఉంది, ఆమె ఒక పెద్దాయన కొలువులో ఉంటుంది, వెళ్ళి ఆయన పర్మిషన్ అడగమని ఈ కుర్రాణ్ణి పంపారు. పెద్దాయనంటే ఎవరో బతికున్న జమీందారు అనుకుని పోయాడు పాపం. తీరా చూస్తే శవం, అటు ఒక మగాడు, ఇటు ఒక ఆడమనిషి. వీడు అడగాల్సింది అడిగాడు. ఆ ఇద్దరూ కాసేపు కిక్కురుమనలేదు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని, "సరే అంటున్నారు" అన్నారు. అంతే, పెళ్ళి ఖాయం.

దీనివల్ల ఏమైందంటే, కొత్తగా గద్దెనెక్కిన ప్రతివాడికీ మంచి భూమి మిగలదు, కొత్త దేశాలు గెలుచుకోవాల్సిందే, రాజ్యం అంత వేగంగా పెరగడానికి ఇదో కారణమని కొందరు చరిత్రకారులంటారు. నాకైతే సబబుగానే అనిపించింది. ఆఖర్లో వాస్కార్ అనే రాజుకి ఒళ్ళు మండి, ఈ శవాలన్నిటినీ పూడ్చేసి ఆస్తులు లాక్కుంటానన్నాడంట. పెద్దింటివాళ్ళంతా కుతకుతలాడి చాలామంది అతని సవతి తమ్ముడు అటావల్పా వైపు తిరిగారని పెద్రో రాతే. ఆ తమ్ముడి మనుషులు మాత్రం తక్కువ తిన్నారా, వాస్కార్‌కి మద్దతిచ్చిన పనాకా మీద కోపంతో వాళ్ళ తాత, 'తూపా ఇంకా' అనే పాత రాజు మమ్మీని బయటికి లాగి తగలబెట్టారు. చచ్చినవాణ్ణి మళ్ళీ చంపడమన్నమాట. కుటుంబంవాళ్ళు ఆ బూడిద ఎత్తి ఒక కుండలో దాచుకుని దానికే పూజలు చేశారు.

మనకి దహనం చెయ్యకపోతే ఆత్మకి దారి దొరకదు, వాళ్ళకేమో కాలిస్తే మనిషి పూర్తిగా ఖతం. 1533లో స్పెయిన్ వాళ్ళు తమ చేతికి చిక్కిన అటావల్పాని సజీవంగా కాల్చేస్తామన్నారు, బాప్టిజం తీసుకుంటే గొంతు బిగించి చంపుతామన్నారు. విడిపించుకోడానికి గదినిండా బంగారం పోసినా వదల్లేదు కదా, ఆఖరికి బాప్టిజమే తీసుకున్నాడు. దేవుడు మారడం కంటే ఒళ్ళు బూడిదవ్వడం అతనికి పెద్ద భయం. ఇది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1559లో పోలో దె ఒందెగార్దో అనే స్పెయిన్ అధికారి జనం దాచుకున్న మమ్మీల్ని వెతికి పట్టుకున్నాడు. మరుసటేడు గార్సిలాసో, తల్లి ఇంకాల రాజకుమారి, తండ్రి స్పెయిన్ వాడు, చదువుకోడానికి స్పెయిన్ వెళ్తూ సెలవు తీసుకోడానికి పోలో ఇంటికి పోతే, మీ వాళ్ళని చూసి పో అని గది తెరిచాడంట. ఇరవై ఏళ్ళ పిల్లాడు, ఎదురుగా తన ముత్తాతలు, వెంట్రుకలు, కనుబొమలతో సహా. వాళ్ళలో వైనా కాపాక్ అనే రాజు వేలు ముట్టుకున్నాడు, కొయ్యబొమ్మ వేలులా బిగుసుకుని ఉందట. తర్వాత తెల్ల దుప్పట్లు కప్పి వీధుల్లో మోసుకుపోతుంటే జనం మోకాళ్ళ మీద పడి ఏడ్చారు, స్పెయిన్ వాళ్ళు కూడా టోపీలు తీశారు. ఆ తర్వాత లిమాలో ఒక ఆసుపత్రికి చేరాయి. అక్కడ తవ్వి చూశారు, ఇంతవరకు దొరకలేదు.

నేను ఉన్నప్పుడే కార్పస్ క్రిస్టీ పండగ వచ్చింది. చర్చిల నుంచి పదిహేను విగ్రహాలు, సెయింట్లూ మేరీమాతలూ, జరీ బట్టలేసుకుని జనం భుజాల మీద కెథెడ్రల్‌కి చేరి అక్కడే వారం కాపురం ఉంటాయి. రాజుల శవాల్ని కూర్చోబెట్టిన చౌక్ అదే, మొయ్యడం అదే, మోయించుకునేవాళ్ళే మారారు అని అక్కడ ఎవర్నడిగినా అంటారు. ఆ పూట తినేది చిరిఊచు, చల్లటి మిరపకాయ అని అర్థం, మళ్ళీ మన ఊచు! గినీ పిగ్, కోడి, వేయించిన మొక్కజొన్న, జున్ను, సముద్రపు నాచు అన్నీ ఒకే ప్లేట్‌లో. నేను గినీ పిగ్ పక్కకి నెట్టి మిగతావి తిన్నా. జూన్ 24న ఇంతి రైమి కూడా చూశా, 1572లో ఆపించిన సూర్యుడి పండగని 1944లో మళ్ళీ మొదలుపెట్టారు. బాగుంది, కానీ టికెట్ పెట్టి చూసే నాటకం, ఆ చిచా పెద్దావిడ పోయించిన నాలుగు చుక్కలంత కూడా నాకు తగల్లేదు.

ఇంత మెచ్చుకుంటున్నానని అంతా బాగుందనుకోకు. కొండదేవుళ్ళకి పిల్లల్ని కూడా ఇచ్చేవాళ్ళు, కాపకోచా అంటారు. 1999లో అర్జెంటీనా బోర్డర్‌లో యుయ్యాయ్యాకో అనే 6,739 మీటర్ల శిఖరం మీద ముగ్గురు పిల్లలు దొరికారు, చలికి చెక్కు చెదరకుండా, పెద్దమ్మాయికి 13 ఏళ్ళుంటాయని అంచనా. జుట్టు పరీక్ష చేస్తే చివరి నెలల్లో కోకా, చిచా బాగా ఇచ్చారని తేలింది. గౌరవమే, దేవతలయ్యారు అని గైడ్ చెప్పుకుపోతున్నాడు, మా పాప వయసు గుర్తొచ్చి నేను బయటికొచ్చేశా.

సరే, వచ్చే నెల తాత సంవత్సరీకం అన్నావ్ కదా. ఫోటో ముందు ఆయనకిష్టమైన ఈత కల్లు ఒక గ్లాసు పెట్టు. చిన్నాన్నని అటు, అత్తని ఇటు కూర్చోబెట్టు. పొలం సంగతి తాతనే అడుగు, గట్టిగా, వాళ్ళిద్దరికీ వినపడేట్టు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే పనైనట్టే, వీడియో తీసి పంపు.

నీ
శీను