కారిన నెత్తురు పారబోయకండి

గుండె ఆపరేషన్‌లో రోగి ఒంటి నుంచి పోయిన రక్తాన్ని కడిగి తిరిగి అతనికే ఎక్కించే ‘సెల్ సేవర్’ యంత్రం మన రోగులందరికీ అందాలి. మా బావకు విశాఖలో బైపాస్ చేసినప్పుడు నాలుగు యూనిట్ల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. నరసన్నపేట నుంచి మా వీధి కుర్రాళ్లను తెల్లవారుజామున బస్సెక్కించి తీసుకెళ్తే, ఇద్దరికి హిమోగ్లోబిన్ చాలదని వెనక్కి పంపేశారు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. ఆపరేషన్ అయ్యాక ఛాతీ గొట్టాల్లోంచి డబ్బాలోకి చుక్కచుక్కగా దిగిన ఆయన రక్తాన్ని మాత్రం మా కళ్ల ముందే తీసుకెళ్లి పారబోశారు. ఈ యంత్రం రక్తాన్ని వేగంగా తిప్పి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలను వేరుచేసి ఇస్తుంది. ప్లేట్‌లెట్లు అందులో మిగలవు కాబట్టి దాతల అవసరం పూర్తిగా తీరదు, తగ్గుతుంది. ఒక్కో రోగికి కొత్తగా వాడాల్సిన కిట్ ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేసే గుండె ఆపరేషన్లకు ప్రభుత్వమే విడిగా భరించాలి. ఈ వీలుందో లేదో రక్తం తెమ్మనే ముందే డాక్టర్లు బంధువులకు చెప్పాలి.

– ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా