బాపూ, కమాను పట్టీ ఉన్న బండే తీసుకుంటున్నాం

గోథెన్‌బర్గ్, స్వీడన్

బాపుకు,

మేమందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? కొత్త మందులు పడ్డాయా? మొన్న ఫోన్లో నువ్వు "బండి కింద సస్పెన్షన్ ఏంది" అని అడిగావు, నేను చెప్పేలోపే పిల్లలు ఫోన్ లాక్కున్నారు. బండిని మోస్తూ కుదుపులను మింగే ఆ స్ప్రింగుల సంగతి ఫోన్లో తేలే ముచ్చట కూడా కాదు. సర్వీసంతా హన్మకొండ డిపోలో బస్సుల కిందనే గడిపినవాడివి, నీకు వివరంగా చెప్పకుండా ఇంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మేం చూసింది వోల్వో వి90, సెకండ్ హ్యాండ్. 1990లలో మన దగ్గర టాటా ఎస్టేట్ వచ్చింది చూడు, ఆ తీరు: కారు పొడుగ్గా వెనక దాకా సాగి, డిక్కీ, సీట్లు అంతా ఒకటే గది. మన దేశంలో ఆ బండ్లు నడవలేదు గానీ ఇక్కడ 1953లో డ్యూయెట్ అనే బండితో మొదలై ఇప్పటిదాకా వాటిమీద జనానికి మోజు తగ్గలేదు. పేరు మీ గరుడ బస్సుదే అయినా కార్ల కంపెనీ వేరు. 1999లో కార్ల భాగాన్ని ఫోర్డ్‌కు అమ్మారు, 2010 నుంచి అది చైనా కంపెనీ గీలీ చేతిలో ఉంది. ఫ్యాక్టరీ మాత్రం ఈ ఊళ్లోనే.

షోరూంలో రెండు బండ్లు ఉన్నాయి. ఒకే మోడల్, ఇంచుమించు ఒకే ధర. ఒకదానికి మామూలు సస్పెన్షన్, ఇంకోదానికి ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు బుడగ. మీ అల్లుడు రెండోదే కావాలని పట్టుబట్టాడు. ఆయన లెక్క నాలుగు చక్రాల మీదా గాలి బుడగలు ఉంటాయని. వి90లో అట్లా ఉండదు. ముందు చక్రాలకు రెండు బండ్లలోనూ మామూలు కాయిల్ స్ప్రింగులే, గాలి వెనక రెండు చక్రాలకే. నాలుగింటికీ కావాలంటే ఎక్స్‌సీ90కి పోవాలి, అది పెద్ద బండి, మాకు అక్కర్లేదు.

నీకు నచ్చే సంగతి మామూలు బండిలోనే ఉంది. లిఫ్ట్ మీదికి ఎక్కించి చూపించమంటే చూపించారు. వెనక కాయిల్ స్ప్రింగ్ లేదు బాపూ, మీ బస్సులకు ఉండే కమాను పట్టీ (లీఫ్ స్ప్రింగ్) ఉంది! కట్టలు కట్టలుగా కాదు, ఒకటే పట్టీ. ఇనుము కూడా కాదు, గ్లాస్ ఫైబర్‌ను పాలియురెథేన్‌లో పోసి చేసింది. బస్సుకు ఉన్నట్టు ముందు వెనకలుగా కాకుండా అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఉంటుంది. పట్టీ కొసను పట్టి ఉంచే షాకిల్ లేదు, పట్టీలను కలిపి బిగించే సెంటర్ బోల్ట్ లేదు, పట్టీల మధ్య గ్రీజు పెట్టే పని లేదు. చేత్తో తడిమి చూశాను, నున్నగా, నల్లగా ఉంది. కాయిల్ కన్నా తేలిక, డిక్కీ కింద చోటు కూడా మిగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి తుప్పు పట్టదు. చలికాలం ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి అడుగున ఇనుమును తినేస్తాయి. ఏ పాత బండి కిందికి వంగి చూసినా ఎర్రగా పొట్టు లేచిన ఇనుమే కనబడుతుంది.

ఎయిర్ బండి గొప్పతనం తీసిపారేసేది కాదు. వెనక బరువు పడగానే సెన్సార్ పసిగడుతుంది, కంప్రెసర్ గాలి కొడుతుంది, బండి మళ్లీ మట్టానికి వస్తుంది. బరువు పెరిగితే లోపల గాలి ఒత్తిడి కూడా పెరిగి స్ప్రింగ్ దానంతట అదే గట్టిపడుతుంది. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా నడక ఒక్కతీరుగా ఉండేది అందుకే. మామూలు స్ప్రింగ్ అయితే బరువుకు వెనక కుంగుతుంది, కింద రాళ్లకు తగిలే భయం, ముందు లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడతాయి. ఇక్కడివాళ్లు వారం వారం ట్రైలర్ తగిలించుకుని కట్టెలో, పడవలో లాగుతుంటారు. వాళ్లకు నేనే ఎయిర్ తీసుకోమని చెబుతాను.

మేడారం జాతర డ్యూటీలు గుర్తున్నాయి కదా. నువ్వు ఇంటికొచ్చి చెప్పేవాడివి, తాడ్వాయి అడవి దాటేసరికి బస్సు ఒక పక్కకు ఒరిగి ఉండేదని, మెయిన్ పట్టీ విరిగిందని, టార్చి నోట్లో పట్టుకుని యూ బోల్టులు విప్పేవాడినని. జనం వేలాడుతూ ఎక్కితే, బంగారం (అమ్మవార్లకు మొక్కే బెల్లం) బుట్టలు వేరే ఎక్కితే ఏ పట్టీ ఆగుతుంది? అయినా తెల్లారేసరికి ఆ బస్సును మళ్లీ రోడ్డెక్కించేవాళ్లు. ఎందుకంటే అక్కడికక్కడ విప్పి అక్కడికక్కడ మార్చగలిగిన వస్తువు అది. నేను బండి చూసేటప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే: పాడైతే ఏమవుతుంది?

ఎయిర్ బండిలో పాడవడానికి చాలా ఉన్నాయి. రబ్బరు బుడగ మడత పడే చోట ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు వస్తాయి. సన్నటి లీకు పడితే రాత్రంతా మెల్లగా కుంగి, పొద్దునకు బండి వెనక కూర్చుండిపోతుంది. ఆ లీకును పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా కొట్టీ కొట్టీ చివరికి కాలిపోతుంది. అంటే బుడగతో పోయే ఖర్చు కంప్రెసర్ దాకా పోతుంది. ఇంక నీళ్లు. నువ్వు పొద్దున్నే బస్సు బ్రేకుల ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ తిప్పితే బుస్సుమని నీళ్లు, నూనె కలిసి చిమ్మేవి కదా, ఈ బండిలో ఆ పని గాలిలో తేమ తీసే డ్రయ్యర్‌లోని గుళికలు చేస్తాయి. అవి తేమ పీల్చీ పీల్చీ నిండిపోతే నీళ్లు వాల్వుల దాకా పోతాయి, చలికి అక్కడే గడ్డకడతాయి. చక్రం మార్చడానికి జాకీ పెట్టేముందు కూడా స్క్రీన్‌లో లెవెలింగ్ (బండిని మట్టానికి తెచ్చే ఏర్పాటు) ఆపాలి. ఇక్కడ చలికాలం టైర్లు, ఎండాకాలం టైర్లు అని ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాలి. మీ అల్లుడు ఆ పని ఇంటి ముందే చేస్తాడు, అందుకే నాకు టెన్షన్.

మేం బండి నిండా బరువు వేసేది సెలవుల్లో, ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ సామాన్లకు. మిగతా రోజుల్లో ఇద్దరు పిల్లలు, రెండు సంచులు, నా లాప్‌టాప్. ఆ నాలుగు రోజుల కోసం ఏడాది పొడుగునా కంప్రెసర్‌ను మోయడం ఎందుకు? ఈ బండిని పదేళ్లు ఉంచుకోవాలని మా ఆలోచన. కొత్త బండి కొని మూడేళ్లకు మార్చేసేవాళ్లం అయితే మీ అల్లుడి మాటే వినేదాన్ని.

నడిపి కూడా చూశాం, పాత బజారులో రాళ్లు పరిచిన వీధుల్లో, ట్రామ్ పట్టాల మీద. ఖాళీ బండి మీద కమాను కొంచెం గట్టిగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఎయిర్ బండికి 20 అంగుళాల చక్రాలు, దీనికి 18. టైరు గోడ ఎత్తుగా ఉండటం వల్ల చిన్న చిన్న గుంతలను టైరే మింగేస్తోంది. ఆ గోడ సన్నగా ఉంటే కింద ఎంత మంచి బుడగ ఉన్నా పట్టా తగిలినప్పుడల్లా నడుముకు తెలుస్తుంది. వెనక సీట్లో నేనే కూర్చుని చూశాను, మీరు వచ్చినప్పుడు అమ్మ కూర్చునేది అక్కడే కదా. అమ్మకు ఇబ్బంది ఉండదు.

శుక్రవారం సంతకాలు. అంతకుముందు వెనక షాకబ్జార్బర్ల దగ్గర నూనె చెమ్మ ఉందా, ఆ పట్టీ మీద ఎక్కడైనా రాయి తగిలి పెచ్చు లేచిందా చూపించమని అడుగుతాను. ఇంకేమన్నా చూడాలంటే వాట్సాప్‌లో చెప్పు, ఫొటోలు తీసి పంపిస్తాను.

తమ్ముడు బొలెరో పికప్‌కు ఎక్స్‌ట్రా పట్టీ వేయిస్తానని మెసేజ్ పెట్టాడు. నర్సంపేట నుంచి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఇంకో పది బస్తాలు ఎక్కువ వేయొచ్చని వాడి లెక్క. పట్టీ వేస్తే వెనక కుంగదు, అంతే. యాక్సిల్, బ్రేకులు, టైర్లు పాతవే కదా. ఘాట్ లేకపోయినా ఆ దారిలో గేదెలు అడ్డం వస్తాయి, లోడుతో బ్రేకు కొడితే బండి ఆగాలి. నేను చెబితే వినడు, నువ్వు చెప్పు. ఈ మిర్చి సీజన్ మొదలయ్యేలోపే చెప్పు.

నీ బిడ్డ