మూర తగ్గితే గోచి నిలవదు

సంపాదక మహాశయా,

ఉగాది దగ్గరపడగానే చెన్నైలోని తెలుగు కుర్రాళ్లు పంచెల కోసం టి.నగర్ దారి పడతారు. మనిషి ఎక్కడివాడో కట్టులోనే తెలిసిపోతుంది. చుట్టి దోపితే తమిళుల వేష్టి, గోచి పోస్తే మన పంచెకట్టు. చిక్కంతా కొలత దగ్గరే. ఏమీ చెప్పకపోతే కొట్లో చేతిలో పెట్టేది నాలుగు మూరలది, అంటే 1.8 మీటర్లు. అది చుట్టుకోవడానికే. ఎనిమిది మూరలది, 3.6 మీటర్లది, సన్నగా ఉన్నవాళ్లకు గోచికి వస్తుంది. కాస్త పొట్ట ఉంటే కొస కురచై వెనక ఊడిపోతుంది. వాళ్లు తొమ్మిది మూరలది అడగాలి. గోచి పోసే పంచెను తమిళంలో ‘పంచకచ్చం’ అంటారు, ఆ పేరు చెబితే తీసిస్తారు.

బట్ట నడిమి భాగాన్ని వెన్నుకు ఆనించి, రెండు వైపులా ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర బిగించి ముడేయాలి. ఒక కొసను కుచ్చిళ్లు పెట్టి కాళ్ల మధ్యనుంచి వెనక్కి లాగి దోపాలి. రెండో కొస ముందు కుచ్చిళ్లకు. ముడి జారుతోందంటే చాలాసార్లు తప్పు కట్టినవాడిది కాదు, కొత్త బట్ట గంజిది. ముందురోజే నీళ్లలో జాడించి ఆరేయండి. వెల్‌క్రో అతికించే రకానికి గోచి కుదరదు, పేరుకే అది పంచె.

పంచెతో వెళ్తే క్లబ్బులో ఆపుతారన్న బెంగా అక్కర్లేదు. అలా ఆపకూడదని తమిళనాడు 2014లో చేసిన చట్టం వేష్టితోపాటు ఇతర భారతీయ సంప్రదాయ దుస్తులకూ వర్తిస్తుంది.

కొట్లవాళ్లు అట్టపై మూరల పక్కన ‘గోచికి చాలుతుంది’ అని కూడా అచ్చేస్తే సగం పంచెలు వెనక్కి రావు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మైలాపూర్, చెన్నై