మా పాప చదువు మానలేదు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

జూన్‌లో సర్వేకి వచ్చినవారు మా 9 ఏళ్ల పాప పేరు ఎదురుగా "బడి మానేసింది" అని రాసుకెళ్లారు. పక్కనే లెక్కలు చేసుకుంటున్న పిల్ల అది విని, "అమ్మా, నేను చదువుకోవట్లేదా?" అని అడిగింది. అందుకే ఈ లేఖ.

ఇంటి చదువు మొదలుపెట్టి ఏడాది దాటింది. మొదట్లో నేనే పొరపాటు చేశాను. పొద్దున తొమ్మిదికల్లా కూర్చోబెట్టి, పీరియడ్ల లెక్కన పాఠాలు చెప్పాను. నెల తిరక్కుండానే ఇద్దరికీ కన్నీళ్లే మిగిలాయి. తర్వాత తెలుగు, లెక్కలు కలిపి రెండు గంటలకు కుదించాను. పుస్తకాలు మాత్రం ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే. దోసెల పిండికి మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మినప్పప్పు. సగం పిండే కావాలంటే ఎంతెంత పొయ్యాలి? భిన్నాలు అక్కడే పట్టుబడ్డాయి. శనివారం శాఖా గ్రంథాలయానికి వెళ్తాం. సాయంత్రాలు వీధి పిల్లలతో ఆట తప్పదు.

2009 విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు ఊసే లేదని తెలుసు. కానీ బడిలో లేని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని దాని 4వ సెక్షనే చెబుతోంది. 14 ఏళ్లు నిండాక సార్వత్రిక విద్యాసంస్థ (ఓపెన్ స్కూల్) ద్వారా పది రాయొచ్చు. దారులు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టే తల్లిదండ్రులకు చెప్పేవారే లేరు.

మీ ఫారంలో "ఇంటి వద్ద చదువు" అని ఒక గడి పెట్టించండి. మా సందేహాలకు జవాబిచ్చే ఒక ఉద్యోగిని కేటాయించండి. పాప చదువు చూడాలంటే ఏ రోజైనా రండి, నోటు పుస్తకాలన్నీ దాచి ఉంచాను.

ఇట్లు,
ఒక తల్లి