ముందు కొలత, ఆ తర్వాతే టైమింగ్ కవర్

మన షెడ్డుకు బండి పంపే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఒక పద్ధతి మార్చాం. ఇంజన్ ముందు నుంచి గలగలమంటోంది, టైమింగ్ చైన్ మార్చేయండి అని ఎవరు వచ్చినా వెంటనే కవర్ విప్పం. ముందు కొలుస్తాం. దానికి 1,200 రూపాయలు. చైన్ పని మన దగ్గరే చేయించుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం, లేకపోతే తిరిగి ఇవ్వం. ‘శబ్దం వినడానికి కూడా డబ్బులా అన్నా?’ అని ఇప్పటికే కొందరు మొహం మీదే అడిగారు. అడగడంలో తప్పు లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నా.

మన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పద్మినీలు, అంబాసిడర్లు, 1961 నుంచి ఈ మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు. వీటిలో క్రాంక్ తిరిగితే చైన్ ద్వారా, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంది. ఆ చైన్ ఇంజన్ ముందు కవర్ వెనకాల దాగి ఉంటుంది. దాన్ని కళ్లతో చూడాలంటే రేడియేటర్ దించాలి, ఫ్యాన్ తీయాలి, క్రాంక్ పుల్లీ లాగాలి, మళ్లీ బిగించేటప్పుడు ప్యాకింగు, ఆయిల్ సీలు కొత్తవి వేయాలి. ఇంతా చేశాక చైన్ బాగానే ఉంటే కూలి ఎవరివ్వాలి? గొడవ అక్కడే మొదలవుతుంది. చాలాచోట్ల, విప్పాం కదా అని కొత్త చైన్ వేసి పంపేస్తారు. మర్నాడు శబ్దం మళ్లీ వినిపిస్తుంది.

ఎందుకంటే ఇంజన్ ముందువైపు చప్పుడు చేసేవి చైన్ కాక ఇంకా చాలా ఉన్నాయి. వాటర్ పంపు బేరింగు, డైనమో బేరింగు, వదులైన పుల్లీ, పెట్రోల్ పంపు లివర్, ట్యాపెట్లు. ఫ్యాన్ బెల్టు తీసేసి కొన్ని సెకన్లు ఇంజన్ నడిపితే పంపు, డైనమో సంగతి తేలిపోతుంది. టకటక పైనుంచి వస్తుంటే ఇంజన్ నడుస్తుండగానే ట్యాపెట్ సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూస్తాం. చప్పుడు ఆగితే ఆ ట్యాపెట్‌దే తప్పు. చైన్ చప్పుడు తీరు వేరు. యాక్సిలరేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలినప్పుడు, స్పీడు పడిపోయే ఆ క్షణంలో కవర్ లోపల లొడలొడమంటుంది. అయినా చెవి మీద ఆధారపడి పదిహేను ఇరవై వేల పని మొదలుపెట్టడం నాకిష్టం లేదు.

మరి ఏం కొలుస్తాం? క్రాంక్ పుల్లీ చుట్టూ కాగితపు టేపు అంటించి చుట్టుకొలతను 360తో భాగిస్తాం. పుల్లీ వ్యాసం 115 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే డిగ్రీకి దాదాపు ఒక మిల్లీమీటరు వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత విప్పి, లోపల క్యామ్‌షాఫ్ట్‌తో పాటే తిరిగే రోటర్ మీద ఒకరు కన్నేసి ఉంచుతారు. ఇంకొకరు పుల్లీ నట్‌కు పానా పెట్టి ఇంజన్ మామూలుగా తిరిగే వైపు తిప్పి ఆపుతారు. టేపు మీద గీత పెట్టి, ఇప్పుడు మెల్లగా వెనక్కి తిప్పాలి. రోటర్ కదలకుండా పుల్లీ ఎన్ని డిగ్రీలు వెనక్కొస్తే చైన్‌లో అంత ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. నేను పెట్టుకున్న లెక్క: 5 డిగ్రీల లోపు ఉంటే బండి తీసుకెళ్లండి, 10 దాటితే విప్పాల్సిందే. మధ్యలో ఉంటే ఆయిల్ మార్చి వచ్చే సర్వీసుకు మళ్లీ చూస్తాం.

ఇందులో ఒక మెలిక ఉంది. డెల్కో షాఫ్ట్ బుష్షు, దాన్ని తిప్పే గేరు అరిగినా ఆ ప్లే కూడా ఈ లెక్కలోనే కలిసిపోతుంది. అందుకే రెండో పరీక్ష. రాకర్ కవర్ తీసి, ఒకటో సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తెస్తే నాలుగో సిలిండర్‌లో రెండు వాల్వులూ కొంచెం కొంచెం తెరుచుకుని ఉంటాయి, ఒకటి మూసుకోబోతూ, ఒకటి తెరుచుకోబోతూ. హెరాల్డ్ క్యామ్‌లో ఈ రెండూ సమానంగా ఉండాలి. ఎగ్జాస్ట్ ఇంకా బాగా తెరిచి ఉండి, ఇన్‌లెట్ అప్పుడే కదలడం మొదలుపెడితే క్యామ్ వెనకబడినట్టే. అంటే అరుగుదల డెల్కోలో కాదు, చైన్‌లో.

క్యామ్ వెనకబడితే బండికి ఏమవుతుంది? కింది గేర్లలో పికప్ పోతుంది. ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఇంచుమించు ఒకేలా తగ్గుతుంది. సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగదు, పెరిగితే రింగులు. ఇక్కడే చాలామంది మోసపోతారు. డెల్కోను కొంచెం తిప్పి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) సర్దగానే బండి హుషారుగా లాగుతుంది. ఇగ్నిషన్ సర్దుకుంది నిజమే, వాల్వులు మాత్రం పాత ఆలస్యంతోనే నడుస్తుంటాయి. తర్వాత కొన్నాళ్లకు టైమింగ్ లైటు వేస్తే పుల్లీ మీది మార్కు ఒకచోట నిలవక అటూ ఇటూ ఊగుతుంటుంది.

ఇంజన్ గాలి పీల్చే బలాన్ని పాదరసం అంగుళాల్లో చూపే వాక్యూమ్ గేజ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మొన్న బెంగళూరు నుంచి ఒక పద్మిని ఇందుకోసమే వచ్చింది. అక్కడ ఒక మెకానిక్ గేజ్ పెట్టి, ముల్లు 17 అంగుళాలు దాటడం లేదు కాబట్టి చైన్ పోయిందని తేల్చేశారట. బెంగళూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం చొప్పున రీడింగ్ పడిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మన ఊళ్లో అదే బండి 19 దాటి నిలకడగా చూపించింది. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు 18 నుంచి 21 దాకా రావాలి. చైన్ ప్లే కొలిస్తే 5 లోపే ఉంది. చప్పుడు వాటర్ పంపు బేరింగుది. పంపు మార్చి పంపాం, కవర్ ముట్టుకోలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కొళత్తూరు హెరాల్డ్. పెద్దాయనకు శబ్దమే వినిపించలేదు, ‘కొండ ఎక్కడం లేదబ్బాయ్’ అని తీసుకొచ్చారు. మొదటి పరీక్షలో 14 డిగ్రీలు, రెండోదాంట్లో ఎగ్జాస్ట్ స్పష్టంగా ఎక్కువ తెరిచి ఉంది. విప్పితే చైన్‌ను బిగువుగా పట్టుకునే స్ప్రింగ్ పట్టీ మీద చైన్ పక్క ప్లేట్లు రెండు గాడులు కోసేశాయి, వేలిగోరు పెడితే దిగిపోయేంత లోతు. కవర్ లోపలి గోడ మీద తళతళలాడే గీత, చైన్ రాసుకున్న చోట. చైన్ తిరిగే స్ప్రాకెట్ చక్రాల పళ్లు ఒకవైపు కొడవలి ముక్కులా వంగిపోయాయి. ఇలాంటి పళ్ల మీద కొత్త చైన్ ఒక్కటే వేస్తే అదీ తొందరగా అరిగిపోతుంది. చైన్‌లో యాభై అరవై జాయింట్లు, ఒక్కో పిన్నూ బుష్షూ మిల్లీమీటరులో నూరో వంతులు కొన్ని అరిగినా మొత్తం మీద పొడవు మిల్లీమీటర్లలో పెరుగుతుంది.

అందుకే ఇకనుంచి చైన్, రెండు స్ప్రాకెట్లు, హెరాల్డ్ అయితే ఆ పట్టీ కూడా కలిపి సెట్టుగానే వేస్తాం. ఒక్క చైన్ వేసి గ్యారంటీ ఇమ్మంటే ఇవ్వలేను. హెరాల్డ్ సామాను ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతోంది, ట్రయంఫ్ బళ్లకు వాడేదే. కాకపోతే కస్టమ్స్ దాటి ఎప్పుడొస్తుందో నా చేతిలో లేదు. పుదుప్పేటలో సెకండ్ హ్యాండ్ స్ప్రాకెట్ దొరికిందని తెచ్చేవాళ్లకు ఒక మాట: పళ్లు చూడకుండా డబ్బు ఇవ్వకండి. అంబాసిడర్, పద్మిని సామాను జీపీ రోడ్డులో దొరుకుతుంది గానీ డూప్లికేట్లు ఎక్కువ. మీరు కొని తేకపోవడమే మంచిది.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో నీళ్లలో నిలిచిన బళ్ల విషయం వేరు. ఆయిల్ పాలలా మారి, చైన్ లింకులు తుప్పు పట్టి కొన్ని బిగుసుకుపోయిన బండ్లు చూశాం. ఆయిల్ మార్చకుండా సెల్ఫ్ కొట్టిన బళ్లు ఉంటే కొలతకు ముందే చెప్పండి, వాటికి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ కూడా దించి చూస్తాం.

దాపరికం లేకుండా చెప్తున్నా, కొలత మొదలుపెట్టాక చైన్ పనులు తగ్గాయి. కవర్ విప్పితే వచ్చే కూలి రావడం లేదు, షెడ్డు అద్దె మాత్రం తగ్గలేదు. ఇద్దరు మనుషులు పూట సగం దీని మీదే ఉంటారు. ఆ 1,200 అందుకే. అంకెలన్నీ కాగితం మీద రాసి మీకే ఇస్తాం. వేరే మెకానిక్‌కు చూపించుకోండి, నాకు అభ్యంతరం లేదు.

వచ్చేముందు డెల్కో ఎవరితోనూ తిప్పించకండి, పాత సెట్టింగ్ ఎక్కడుందో మాకు కనిపించాలి. ట్యాపెట్లు చల్లటి ఇంజన్ మీదే చూడాలి, హెరాల్డ్‌కు 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) సందు. కాబట్టి ముందురోజు సాయంత్రమే బండి వదిలి వెళ్లండి, తాళం కుర్రాడికి ఇస్తే చాలు. కొలతలు మంగళ, శుక్రవారాల్లో మాత్రమే. మధ్యాహ్నానికల్లా కాగితం వాట్సాప్‌లో పంపిస్తాను.