మొదటి రోజే ట్యూబ్ వేయించండి సార్: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ప్రజావాణిలో మూడు సోమవారాలు లైన్లో నిలబడి అర్జీలు ఇచ్చాను. రసీదులు ఇచ్చారు, జవాబు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

స్టవ్ దగ్గర చీర అంటుకుని మా చెల్లెలికి ఒళ్లు 40 శాతం కాలింది. పెద్దాసుపత్రి బర్న్స్ వార్డులో చేర్చాం. సెలైన్లు, డ్రెస్సింగులు వెంటనే మొదలయ్యాయి. డాక్టర్లను, సిస్టర్లను తప్పుపట్టను, వాళ్లూ నిద్ర లేకుండా తిరిగారు. కానీ ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే రైల్స్ ట్యూబ్ నాలుగో రోజుకు గానీ వేయలేదు. పెదాలు వాచిపోయి అప్పటిదాకా రెండు చెంచాల నీళ్లు తప్ప ఏమీ మింగలేకపోయింది. ఇంతగా కాలినవాళ్లకు వీలైతే 12 గంటల్లోపే ట్యూబ్ ఫీడింగ్ మొదలుపెట్టాలని మీ శాఖకు తెలియదా సార్? కాలిన ఒళ్లు తిండి అందకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది.

ట్యూబ్ వేశాక ఇంకో కష్టం. ప్రోటీన్ పౌడర్ డబ్బా బయట కొనుక్కోమని చీటీ రాసిచ్చారు. వార్డులో ఇచ్చేది మూడు గ్లాసుల పాలు, రెండు గుడ్లు. అన్నీ కలిపినా ప్రోటీన్ 30 గ్రాములకు కాస్త అటూ ఇటూ. 50 కిలోల మా చెల్లెలికి కావాల్సింది రోజుకు 75 నుంచి 100 గ్రాములు. ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు, సంతోషం. మరి ఆ డబ్బా మేమెందుకు కొనాలి?

రెండు గంటలకోసారి సిరంజితో నేనే పోసేదాన్ని. ఎలా పోయాలో పక్క బెడ్ వాళ్లమ్మ చూపించింది. ఒక రాత్రి రాగిజావ చిక్కబడి ట్యూబ్ మూసుకుపోయింది. మార్చేవాళ్లు పొద్దున ఎనిమిదింటికి వచ్చారు. ఆ రాత్రంతా చెల్లెలు నా వైపే చూస్తూ ఉంది.

నెలకు చర్మం అతికించారు. సగం పట్టలేదు. "ఒంట్లో ప్రోటీన్ లేకపోతే ఎలా అతుక్కుంటుందమ్మా" అన్నారు డాక్టరు. ఇంటికొచ్చేసరికి 39 కిలోలు.

దయచేసి ప్రతి బర్న్స్ వార్డులో మొదటి రోజే ట్యూబ్ వేయించండి. ఆ ఫీడ్ ఆసుపత్రే ఇచ్చేలా చూడండి. రాత్రిపూట కూడా ట్యూబ్ చూసే మనిషిని పెట్టండి. చేతులు జోడించి అడుగుతున్నాను సార్, మొదటి రోజే వేయించండి. వచ్చే నెల చెల్లెలికి మళ్లీ ఆపరేషన్ ఉంది. అదే వార్డుకు వస్తున్నాం.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక అక్క